హాజరులో ఇరవై రెండు దేశాలు

నమోదు 1. సోమవారం

పాత పుస్తకం నిండిపోయింది, అందుకని ఇది. పాతదాంట్లో మొదటి సగం పదిహేడేళ్ళకి సరిపోయింది. రెండో సగం ఈ ఒక్క ఏడాదికి చాల్లేదు.

రాస్తున్నది గురాన అసిరితల్లి, అందరికీ అసిరమ్మ, వీడ్కోలు హాలు ఇన్‌చార్జి, కొత్తరేవు నగరం. పొద్దున్నే వచ్చి కిటికీల మీద ఉప్పు తుడిచాను. ఊరంతా సముద్రం మధ్యన స్తంభాల మీద ఉంది కాబట్టి ఈ పనికి సెలవు లేదు. కాఫీ ఫ్లాస్కు నింపాను. హాజరు పెట్టె మీద గుడ్డ వేసి దులిపాను. దానికి దులపడం నచ్చదు. గుడ్డ తగలగానే "పేరు చెప్పండి" అంటుంది. "నేనే, అసిరితల్లిని, గుడ్డ పట్టుకున్నాను" అని రోజూ చెబుతాను. రోజూ మర్చిపోతుంది.

ఇవాళ ఉప్పులోయ దేశం కాన్సులు కుటుంబంతో సహా వెళ్ళిపోయాడు. ఫారం చూసి పెట్టె ముందు చదివాడు: "నేను నగరము విడిచి వెళ్ళుచున్నాను." పెట్టె "హాజరు ఇరవై రెండు" అంది. నిరుడు ఈ నెలలో అరవై నాలుగు దేశాలుండేవి.

ఇరవై ఒకటి దాకా భయం లేదు. ఇరవై అయిందంటే ఊరికి తెరిచిన రేవు అనే హోదా పోతుంది. హోదా పోయిన అరగంటకి పడుకున్నోళ్ళు లేస్తారు. పడుకున్నోళ్ళంటే రేవు నోటి దగ్గర నీళ్ళడుగున ఉన్న బాంబులు. సగం ఎగువ దేశాల కూటమి వేసింది, సగం దిగువ దేశాల కూటమి వేసింది. రేవుని ఎదుటివాడు పట్టుకుపోతాడని ఇద్దరికీ బెంగ. ఆ ఇద్దరి తగువుకి జడిసే దేశాలన్నీ ఒక్కొక్కటిగా ఖాళీ చేస్తున్నాయి. ఇరవై ఒక్క దేశాల వాళ్ళు ఇక్కడ కాపురమున్నంత కాలం వాటిని నిద్రలోనే ఉంచుతామని ఒప్పందం చేసుకున్నారు. కాగితాలైతే దొంగ సంతకాలు పెడతారని, వెళ్ళే మనిషి ఈ హాలుకొచ్చి ఊరి భాషలో నోటితో చెబితేనే పెట్టె లెక్క తగ్గిస్తుంది. రాత్రిపూట పాముని పురుగు అన్నట్టే, రేవులో బాంబు అనే మాట ఎవరూ అనరు.

మా అక్క కూతురు నూకాలు పైలట్ బోటు సరంగు. వచ్చే ఓడకి ఎదురెళ్ళి దారి చూపించి లోపలికి తేవడం దాని పని. అంటే రోజుకి నాలుగుసార్లు పడుకున్నోళ్ళ మీదుగా వెళ్ళి వస్తుంది. ఆ దారి దాటడానికి నలభై నిమిషాలు పడుతుంది. ఒప్పందంలో అరగంట అని రాసినవాళ్ళు ఆ దారిన ఎప్పుడూ రాలేదు.

అక్క పోయాక అది నా దగ్గరే పెరిగింది. పొద్దున్న చెప్పులేసుకుంటూ "పోతన్నాను" అంది.

"పోతన్నాను కాదే గుంటా. ఎల్లొస్తాను అనాల."

"వొచ్చీదాన్నే కదా పిన్నీ. వొచ్చినాక వొచ్చీసినానంటాను."

ఇరవై ఆరేళ్ళొచ్చాయి. ఈ ఒక్క మాట నేర్పలేకపోయాను.

నమోదు 2. గురువారం

నావల్ల ఒక తప్పు జరిగింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మంచుదీవుల కాన్సులు ఎల్విక్ గారు వెళ్ళారు. పదకొండేళ్ళున్నారు ఊళ్ళో. కాన్సులేట్ బాల్కనీలో పెంచుకున్న కరివేపాకు మొక్కని కుండీతో సహా మోసుకొచ్చి నా బల్ల మీద పెట్టారు. "రెండ్రోజులకోసారి నీళ్ళండి, ఎక్కువ వద్దు" అన్నారు. ఇంటి తాళం చెవి కూడా ఇచ్చారు. కాఫీ తాగారు. ఫారం చేతికిస్తే దాన్ని కళ్ళకి దూరంగా, దగ్గరగా పెట్టుకుని చూశారు. కళ్ళనిండా నీళ్ళు, అక్షరాలు కనపడే స్థితిలో లేరు. ఫారం బల్ల మీద పెట్టేసి, పెట్టె ముందు నిలబడే నాకేసి తిరిగి, "వెళ్ళొస్తానండీ అసిరమ్మగారూ" అన్నారు.

"వెళ్ళిరండి బాబూ" అన్నాను. ఆ మాట నేను అనలేదు, నా నోరు అనేసింది.

పెట్టె అప్పటికే వింటోంది. "గమనించాను. మంచుదీవులు. వెళ్ళి, వస్తారు. హాజరు ఇరవై రెండు" అంది.

ఇరవై ఒకటి అనాలి. రూలు ప్రకారం నేను ఆయన్ని వెనక్కి పిలిచి ఫారం చదివించాలి. ఫారం పట్టుకుని నాలుగడుగులు వేశాను కూడా. కానీ గడప దాటుతున్న మనిషిని వెనక నుంచి పిలిచి, "వెళ్ళొస్తాననకండి, వెళ్ళిపోతున్నాననండి" అని ఏ నోటితో చెప్పను? పగవాడినైనా అలా అనం. ఆయన మెట్లు దిగి బోటెక్కేశారు.

సూపరింటెండెంటు దత్తి సత్యంగారికి చెప్పాను. ఆయన అంతా విని కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"ఫారాలు ఎన్నున్నాయి అసిరమ్మగారూ?"

"నలబై ఉన్నాయండి."

"అవి పాత నమూనా. కొత్తవి వొచ్చీదాకా వాడకండి."

"కొత్తవెప్పుడొస్తాయండి?"

"సూద్దాం" అన్నారు.

ఈ ఆఫీసులో సూద్దాం అంటే కింది సొరుగు అని అర్థం. నలభై ఫారాలూ కింది సొరుగులో పెట్టి తాళం వేశాను.

నమోదు 7. బుధవారం

ఈ వారం నాలుగు దేశాలు వెళ్ళాయి. పెట్టె ఇరవై రెండు దగ్గరే ఉంది.

వెళ్ళేవాళ్ళలో చాలామందికి మన భాష రాదు. కాఫీ ఇచ్చి మాట నేర్పిస్తున్నాను. అందరికీ ఒకటే చెబుతున్నాను, ఇక్కడ ఇంట్లోంచి బయటికి అడుగుపెట్టే మనిషి ఇదే అంటాడు, వేరే మాట అనకూడదు అని. అది అబద్ధం కాదు. ఒకాయన మాత్రం "వెల్లుల్లి" అన్నాడు. పెట్టె అర్థం కాలేదంది. మూడోసారికి వచ్చింది.

ఎవరూ ఉత్తచేతులతో రావడం లేదు. హాల్లో ఇప్పుడు ఐదు కుండీలు, ఒక చేపల తొట్టి, తొమ్మిది తాళంచెవులు ఉన్నాయి. కిటికీల తర్వాత నీళ్ళు పోసే పని కొత్తగా చేరింది.

రేవు ముందు కమాను మీద "ప్రపంచ నగరాల్లో నాలుగవది" అని ఉండేది. పోయిన నెల పెయింటరొచ్చి నాలుగు చెరిపి పందొమ్మిది వేశాడు. ఇవాళ కౌన్సిల్లో మూడు గంటలు చర్చించి "ప్రపంచ నగరాల్లో ఒకటి" అని రాయించారు. ఇక మార్చక్కర్లేదని పెయింటరు సంతోషించాడు.

నమోదు 15. మంగళవారం

పదమూడు దేశాలు వెళ్ళాయి. ఊళ్ళో నిజంగా ఉన్నవి తొమ్మిది. పెట్టెలో ఇరవై రెండు. ఇలా ఎన్నాళ్ళు సాగుతుందని నన్నడిగితే నేనూ సూద్దాం అనే అంటాను.

సాగలేదు. ఇవాళ తనిఖీ అధికారి దిగాడు. ఊరు అవతలి వాళ్ళతో కుమ్మక్కైందని ఎగువ కూటమికి అనుమానం, దిగువ కూటమికీ అదే అనుమానం. ఇద్దరూ కలిసి మధ్యవర్తిగా ఒకణ్ణి పంపారు. పేరు ఓర్సేన్. రెల్లుసీమ అనే దేశం, ఏ కూటమిలోనూ లేదు, మన ఊళ్ళో ఎన్నడూ ఆఫీసు పెట్టలేదు. అరవై దాటిన సన్నటి మనిషి. చంకలో లావుపాటి వ్యాకరణ పుస్తకం. ఆయన తెలుగు ఆ పుస్తకంలోంచే వచ్చింది.

"నమస్కారము. పదుమువ్వురు వెడలిరి. తమ పెట్టె వారు కలరని చెప్పుచున్నది. ఇది యెట్లు?" అన్నాడు.

"మళ్ళీ వస్తామని చెప్పి వెళ్ళారండీ" అన్నాను.

"ఎప్పుడు వచ్చెదరు?"

"వచ్చినప్పుడండీ."

పుస్తకం తెరిచాడు. కూర్చుని అరగంట చదివాడు. కాఫీ ఇచ్చాను, చల్లారిపోయింది, మళ్ళీ ఇచ్చాను. చివరికి తలెత్తి, వెళ్ళి అనునది ముగిసిన పని, వచ్చెదను అనునది ముగియబోవు పని, కర్త ఒక్కడే, గడువు చెప్పబడలేదు, కావున వ్యాకరణరీత్యా పెట్టెది తప్పు కాదు అన్నాడు. ఆ మాట ఒప్పుకున్నందుకు మనిషి మీద నాకు గౌరవం కలిగింది. సత్యంగారైతే లేచి నిలబడ్డారు.

అప్పుడు ఆయన సంచిలోంచి పదమూడు ఉత్తరాలు తీశాడు. వెళ్ళిన పదమూడు దేశాలూ తమ తరఫున ఈయన్నే చెప్పమని రాసిచ్చాయి. ఈయన నోటితో చెప్పినా చెల్లుతుందని రెండు కూటములూ ఒప్పుకున్నాయట. శనివారం తొమ్మిది గంటలకి పెట్టె ముందు నిలబడి పదమూడుసార్లు "నగరము విడిచి వెళ్ళితిని" అని చదువుతాడట.

"చదివాక మీరెలా వెళ్తారండీ? దారి మూసుకుపోతుంది కదా" అన్నాను.

"వెళ్ళను. ఇచటనే యుండెదను. అది నా ఉద్యోగధర్మము."

చెడ్డవాడైతే తిట్టుకోవచ్చు. అది కూడా లేకుండా చేశాడు.

నమోదు 18. శనివారం

వరసగా రాస్తాను.

పొద్దున ఆరింటికి నూకాలుకి కబురొచ్చింది. బియ్యం ఓడ బయట లంగరేసి ఉంది, తీసుకురావాలి. ఇవాళ వెళ్ళొద్దన్నాను.

"బియ్యం పిన్నీ. రేవు మూసీసినాక ఊరంతా ఏటి తింటాది? నీ కుండీల్లో కరేపాకా?"

"తొమ్మిదికల్లా ఒడ్డునుండాల. లేపోతే ఎల్లకు."

"ఓడ నా మాటింటాదేటి? అలలున్నాయి. ఎప్పుడవుతాదో అప్పుడే" అని చెప్పులేసుకుంది. "పోతన్నాను" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "పో" అన్నాను.

అది మెట్లు దిగాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. పద్దెనిమిదేళ్ళుగా ముక్కూ మొహం తెలియని వాళ్ళందరికీ వెళ్ళిరండి అన్నాను. నేను పెంచిన పిల్లని పొమ్మన్నాను.

తొమ్మిదింటికి ఓర్సేన్ వచ్చాడు. సత్యంగారు వచ్చారు. కిటికీలోంచి చూస్తే రేవు నోటి దగ్గర బియ్యం ఓడ, దాని ముందు నూకాలు బోటు. దారిలో అప్పుడే దిగారు. ఓర్సేన్ కోటు గుండీలు పెట్టుకుని, మొదటి ఉత్తరం విప్పి, పెట్టె ముందుకెళ్ళి గొంతు సవరించుకున్నాడు.

నేను వెళ్ళి పెట్టె మీద గుడ్డ కప్పేశాను.

"పేరు చెప్పండి" అంది పెట్టె.

"నేనే, అసిరితల్లిని, గుడ్డ పట్టుకున్నాను" అన్నాను. ఏడుస్తూ చెప్పినట్టున్నాను, పెట్టె రెండోసారి అడిగింది.

ఓర్సేన్ చేతిలో ఉత్తరం కిందికి దించాడు. "ఇది నియమవిరుద్ధము" అన్నాడు.

"అవునండి బాబూ. కానీ అదిగో, ఆ బోటులో ఉన్నది మా అక్క కూతురు. నువ్విప్పుడు సదివీసినావంటే అరగంటకి ఆ పడుకున్నోళ్ళు లేస్తారు. దానికి ఇంకా నలబై నిమిషాలు పడతాది. పొద్దున్న దాన్ని నేను ఎల్లిరా అన్లేదు. పో అన్నాను. ఆ మాట ఎనక్కి తీసుకోకండా అది పోకూడదు బాబూ." ఆఫీసు భాష అంతా పోయింది నాకు.

ఆయన కిటికీ దగ్గరికెళ్ళి చాలాసేపు చూశాడు. ఎగువ వాళ్ళూ దిగువ వాళ్ళూ ఇచ్చిన కాగితాల్లో ఆ బోటు సంగతి ఎక్కడా లేదనుకుంటాను. ఉత్తరం మళ్ళీ మడిచాడు.

"ఆమె వచ్చువరకు ఆగెదను" అని కూర్చున్నాడు.

పదింటికి నూకాలు వచ్చింది. హాలుకొచ్చి నా మొహం చూసి, "ఏటయినాది పిన్నీ? వొచ్చీసినాను కదా" అంది. దాన్ని గట్టిగా పట్టుకున్నాను.

ఓర్సేన్ లేచి ఉత్తరం విప్పాడు. కిటికీ దగ్గర్నుంచి సత్యంగారు చిన్నగా దగ్గారు.

"అయ్యా, ఇంకో బోటు ఎల్లిందండి."

నిజంగానే వెళ్ళింది. ఓర్సేన్ దాన్ని చూశాడు, సత్యంగారిని చూశాడు.

"ఏ నావయు వెలుపల లేని వేళ ఎప్పుడో నాకు తెలియజేయుడు. అప్పుడు చదివెదను" అన్నాడు.

సత్యంగారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "సూద్దామండి" అన్నారు.

నమోదు 24. శుక్రవారం

వారంగా ఒక్క గడియ కూడా దారి ఖాళీగా లేదు. ఓడలు లేనప్పుడు లోతు కొలవడానికి బోటు వెళుతోంది. ఈ వారంలో లోతు తొంభైసార్లు కొలిచారు. లోతు అంతే ఉంది.

ఓర్సేన్‌కి ఇదంతా తెలుసు. తెలిసినట్టు ఒక్కసారీ అనలేదు. రోజూ తొమ్మిదికి వస్తాడు, "నావ వెలుపల కలదా?" అని అడుగుతాడు, కలదండీ అంటాను, కూర్చుంటాడు. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి, అందుకని కుండీలకి నీళ్ళు పోసే పని తీసుకున్నాడు. ఎల్విక్ గారి కరివేపాకు కొత్త చిగురేసింది. మధ్యాహ్నం ఆయనకి చారన్నం ఇంటి నుంచే తెస్తున్నాను. లంచం అంటాడేమోనని భయపడ్డాను. తిని, రెండు ఆకులు పక్కన పెట్టి, ఇది ఆ వృక్షముదేనా అని అడిగాడు.

తాళంచెవుల బోర్డు ముందు నిలబడి ఒకరోజు అడిగాడు, వీరు నిజముగా రాదలచిరా అని.

"మనసులో ఏముందో నాకు తెలియదండీ. రాని మనిషి మొక్కకి ఎన్ని నీళ్ళు పోయాలో చెప్పి వెళ్తాడా?" అన్నాను.

ఆయన పుస్తకంలో చూడలేదు. అందులో ఉండదని ఆయనకి అర్థమైనట్టుంది.

నమోదు 29. బుధవారం

ఉత్తరాల గడువు నిన్నటితో తీరిపోయింది. కొత్తవి తెచ్చుకోవాలంటే ఆయన వెనక్కి వెళ్ళాలి. ఇవాళ మూట కట్టుకుని వచ్చాడు. నూకాలు బోటు సిద్ధంగా ఉంది.

ఊరొదిలి వెళ్ళే పరదేశం మనిషి ఎవరైనా పెట్టె ముందు మాట చెప్పాల్సిందే. ఈయన మాటతో లెక్క తగ్గదు, రెల్లుసీమ మన పట్టికలో లేనే లేదు. అయినా ఈయన ఏ మాట అంటాడో దాన్నే వెళ్ళి రెండు కూటములకీ చెబుతాడు.

"నేను అసత్యము పలుకను" అన్నాడు నాతో.

"పలకొద్దండీ."

"వచ్చెదనని పలికినచో రావలసియుండును."

"అవునండీ. రండి."

ఓర్సేన్ చంకలోంచి వ్యాకరణ పుస్తకం తీసి, తాళంచెవుల బోర్డు కింద, కరివేపాకు పక్కన పెట్టాడు. "ఇది నాకు తిరిగి కావలెను. తడి తగలనీయకుడు" అన్నాడు. పెట్టెకేసి తిరిగి, ఒక్కొక్క మాటా విడివిడిగా, పరీక్షలో చెప్పినట్టు చెప్పాడు: "వెళ్ళి వచ్చెదను."

"గమనించాను. రెల్లుసీమ. వెళ్ళి, వస్తారు. హాజరు ఇరవై మూడు" అంది పెట్టె.

అరవై నాలుగు నుంచి తగ్గడమే గానీ ఈ ఏడాదిలో ఒక్క అంకె పెరగలేదు. ఓర్సేన్ పెట్టెని చూశాడు. సరిచేస్తాడనుకున్నాను. సరిచేయడానికి పుస్తకం కావాలి, పుస్తకం ఇక్కడ పెట్టేశాడు.

"వెళ్ళిరండి బాబూ" అన్నాను. ఈసారి నేనే అన్నాను.

నమోదు 30. గురువారం

నిన్న సాయంత్రం నూకాలు వచ్చి అన్నం దగ్గర చెప్పింది.

"ఓలమ్మో పిన్నీ, ముసలాయన దారిపొడుగునా ఒకటే గోల. వెళ్ళి వచ్చెదను అంటే నవ్వుతారు, మీ ఊరోళ్ళు ఏలాగంటారో చెప్పమన్నాడు. ఎల్లొస్తాను అన్నాను. మల్లీ అనమన్నాడు. నలబై నిమిషాలూ అనిపించినాడు. ఓడెక్కేటప్పుడు ఆయనే అన్నాడు, అచ్చం మనోళ్ళలాగే."

"నువ్వేటన్నావు?"

"ఎల్లిరండి అన్నాను. ఇంకేటంటారు?"

ఇవాళ పొద్దున గాలి ఎక్కువగా ఉంది. బయట ఇంకో ఓడ ఉంది. నేను ఫ్లాస్కులో కాఫీ పోస్తున్నాను. గడప దగ్గర నూకాలు చెప్పులేసుకుంది.

"పిన్నీ, ఎల్లొస్తాను."

వినపడనట్టు "ఏటీ?" అన్నాను.

మళ్ళీ చెప్పింది.